మనిషికి వంద వాట్లు

లైబ్రరీ తెరిచిన మొదటి చలికాలం, దాన్ని తిట్టని మనిషి ఆ పేట మొత్తానికి నేనొక్కదాన్నే. దాని ప్లాను గీసింది నేనే కాబట్టి తిట్టే హక్కు అందరికంటే నాకే ఎక్కువ. అయినా తిట్టలేదు. రోజూ పొద్దున్నే మెడకి మఫ్లర్ చుట్టుకుని వెళ్ళి, హాలు మధ్య స్తంభానికి వేలాడదీసిన థర్మామీటర్ ముందు నిలబడేదాన్ని. పదిహేను. మర్నాడు పదిహేనున్నర. ఒకరోజైతే పద్నాలుగు. నేను కళ్ళెర్రజేసినంత మాత్రాన అది పైకెక్కదని తెలుసు. అయినా చూసేదాన్ని.

"మేడం, రేపట్నించి నేను దుప్పటి తెచ్చుకుంటాను. రూల్సు ఒప్పుకుంటాయా?" అని అడిగింది లైబ్రేరియన్. ఆవిడ అప్పటికే రెండు స్వెట్టర్ల మీద కోటు తొడుక్కుని, వేళ్ళు కత్తిరించిన గ్లౌజులతో పుస్తకాలకి ముద్రలు వేస్తోంది.

"దుప్పటొక్కటే ఎందుకు, మంచం కూడా తెచ్చుకోండి" అన్నాను.

ఆవిడ మొహం ముడుచుకుంది. నా నోరు అంతే. మా ఆయన ఉన్నప్పుడు నేనేదైనా పుల్లవిరుపుగా అంటే, పక్కనుంచి ఒక చిన్న నవ్వు నవ్వేవాడు. ఆ నవ్వుతో కలిసి నా మాట ఎదుటివాళ్ళకి సరదాగా వినిపించేది. ఇప్పుడు నవ్వు లేదు, మాట ఒక్కటే వెళ్ళి తగులుతోంది. ఆవిడకి సారీ చెబుదామనుకుంటూనే బయటికొచ్చేశాను.

ఆ పేట సంగతి కొంచెం చెప్పాలి. ఊరి చివర వాడకుండా వదిలేసిన గోడౌన్ల స్థలంలో కొత్తగా వేసిన పేట అది. లోపలికి కార్లు రావు. ఇళ్ళ కప్పుల మీద సోలార్ పలకలు, వాన నీళ్ళు చెట్ల మొదళ్ళకి పోయేలా కాలవలు. ఏం కట్టినా ఖర్చుతో పాటు కార్బన్ లెక్క కూడా చూపించాలి. సిమెంటూ ఇనుమూ ఎంత వాడుతున్నారు, వాటి తయారీలో ఎంత పొగ పోయింది, కట్టాక ఏటా ఇంకెంత పోతుంది, అన్నీ చెప్పాలి. అక్కడి లైబ్రరీ పని మా ఇద్దరికీ వచ్చింది. గీసేది నేను, వేడీ చలీ గాలీ వెలుతురూ లెక్క కట్టేది మా ఆయన. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా పద్ధతి అదే. నేను గోడ గీస్తే, ఆ గోడ ఎంత చలిని ఆపుతుందో ఆయన చెప్పేవాడు. మా ఇంట్లో పోట్లాటలు కూడా ఎక్కువగా గోడల మందం మీదే జరిగేవి.

ఒక గోడౌన్‌ని కూల్చకుండా అట్టే ఉంచుదామన్నది నేను. ఉన్న స్తంభాలే, ఉన్న కప్పే. కూల్చి మళ్ళీ కడితే పోయే పొగంతా దాంతోనే ఆదా అవుతుంది. కాలవల కోసం తవ్విన మట్టితో ఇటుకలు అచ్చొత్తించాం. బయటివైపు చెక్క చట్రాలు పెట్టి, వాటిలో ఎండుగడ్డి దట్టంగా కూరించాం. కిటికీలకి మూడు పొరల అద్దాలు. ఇంత చేశాక హీటర్లు దేనికన్నది ఆయన.

"మరి చలికాలం?" అన్నాను.

"మనుషులు వస్తారుగా. ఊరికే కూర్చున్న మనిషి దగ్గర్నుంచి వంద వాట్ల వేడి వస్తుంది. పాతకాలం బల్బు ఎంతో అంత. అరవై మంది కూర్చున్నారనుకో, హాలంతా వెచ్చగా ఉంటుంది. ఆ వేడి బయటికి పోకుండా నువ్వు గోడలు గట్టిగా గియ్యి, చాలు."

"మనుషుల్ని పొయ్యిలో కట్టెల్లా లెక్కేస్తున్నావు."

"కట్టెలైతే కాలి బూడిదవుతాయి. వీళ్ళు పుస్తకం మూసేసి ఇంటికి పోతారు" అని నవ్వాడు.

గోడలు సగం లేవకముందే ఆయన పోయాడు. గుండె. ఆఫీసులో కుర్చీలోంచి లేవబోయి కూలబడ్డాడు. నేను పక్క టేబుల్ దగ్గరే ఉన్నాను. అంతకంటే ఆ సంగతి చెప్పలేను.

తర్వాత పనంతా ఒక్కదాన్నే చూసుకున్నాను. ఇంటికి ఎవర్నీ రానివ్వలేదు. మొదట్లో మా అక్క వంట చేసి డబ్బాలో పెట్టుకొస్తే, తలుపు సందులోంచే అందుకుని "నిద్రొస్తోందక్కా" అన్నాను. ఆ తర్వాత బెల్లు కొట్టినా తియ్యలేదు. ఎవరైనా లోపలికొస్తే ఆయన కుర్చీలో కూర్చుంటారని భయం. ఎవరూ రాకపోతే ఆ కుర్చీ ఖాళీగా కనబడుతుందని ఏడుపు. రెండిట్లో ఏడుపే నయమనుకున్నాను. మిగతా గదులకి తాళాలేసి ఒక్క గదిలోనే ఉండేదాన్ని. అక్కా నేనూ ఒకే ఊళ్ళో ఉన్నాం, బస్సెక్కితే వాళ్ళిల్లు ఎంతో దూరం కాదు.

ఇక మునిసిపల్ ఇంజనీరు గారు. మర్యాదస్తుడు. చెడ్డవార్త చెప్పే ముందు టీ తాగుతారా అని అడిగే రకం. ఓ రోజు లైబ్రరీలో కనబడగానే టీ అడిగాడు, నాకు విషయం అర్థమైపోయింది.

"కంప్లయింట్లు వస్తున్నాయి మేడం. హాల్లో పద్దెనిమిది డిగ్రీలు ఉంటాయని మీరే రాసిచ్చారు. వచ్చే గురువారం మధ్యాహ్నం నేనే వచ్చి కొలుస్తాను. తగ్గితే హీటర్లు బిగించక తప్పదు. గోడలకి కన్నాలు కొట్టాలి, కొత్తగా కరెంటు లైను లాగాలి..."

"హీటర్లు పెడితే ఇంక ఈ బిల్డింగుకి అర్థమేముందండీ?"

"అర్థం సంగతి మీకు తెలియాలి. పెద్దవాళ్ళు వణుకుతున్నారు, అది నాకు తెలుసు."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు, అందుకే ఇంకా ఒళ్ళు మండింది. ఆ పద్దెనిమిది మా ఆయన కట్టిన చివరి లెక్క. హీటరు బిగించడమంటే, ఆ లెక్క తప్పని గోడకి మేకు కొట్టి మరీ చెప్పడం. ఆయనే ఉంటే "సరేలే, తప్పింది" అని భుజాలెగరేసి ఊరుకునేవాడేమో. నాకా వీలు లేదు. మనిషి ఎలాగూ పోయాడు. ఆయన మాట కూడా పోనివ్వమంటే నా వల్ల కాదు.

ఆ రోజంతా హాల్లోనే ఓ మూల నిలబడి చూశాను. జనం రావట్లేదేమోనని నా అనుమానం. వస్తున్నారు, బాగానే వస్తున్నారు. వచ్చి, పుస్తకం తీసుకుని, ముద్ర వేయించుకుని, అటునుంచి అటే పోతున్నారు. కూర్చునేవాడు లేడు. ఒకాయన మాత్రం పేపరు పట్టుకుని కిటికీ కింద గూట్లో కూర్చున్నాడు. ఒక పేజీ తిప్పాడు. వెనక్కి తిరిగి చూశాడు. కాళ్ళు ఊపాడు. పేపరు మడిచి అక్కడే పెట్టి చల్లగా జారుకున్నాడు.

గూళ్ళు నేను గీసినవే. గోడల వెంబడి, కిటికీల కింద, మనిషికొక గూడు. మూడు వైపులా చెక్క అడ్డు, ఒక చిన్న బల్ల, ఒకటే కుర్చీ. మొదటి డ్రాయింగులో ఇవి లేవు. హాలు మధ్యలో పొడుగు బల్లలూ, రెండు వైపులా బెంచీలూ ఉండేవి, మా ఆయన లెక్క కట్టింది ఆ బల్లల చుట్టూ కూర్చునే మనుషులతోనే. ఆయన పోయాక ఆ బల్లలు గియ్యడానికి నాకు చెయ్యాడలేదు. డ్రాయింగులో కుర్చీల మీద చిన్నచిన్న బొమ్మ మనుషుల్ని పెడతాం కదా, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే ఆ బొమ్మల్ని చూడలేకపోయాను. "చదువుకునేవాళ్ళకి ఏకాంతం కావాలి" అని కమిటీలో కుండబద్దలు కొట్టినట్టు చెప్పాను. అప్పుడే మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషితో ఎవరు వాదిస్తారు? అందరూ తలలూపారు.

వెళ్ళి ఒక గూట్లో కూర్చున్నాను. అద్దం వైపు భుజం చల్లబడింది. ముందు చెక్క, ఈ పక్క చెక్క, ఆ పక్క చెక్క. వెనకాల ఎవరో నడుస్తున్నారు, ఎవరో తెలియదు. పుస్తకం తెరిచాను గానీ ఒక్క ముక్క ఎక్కలేదు. కాసేపటికి నాకే లేచిపోవాలనిపించింది. పోయి ఎక్కడ కూర్చుంటాను, ఇంట్లోనూ ఇలాగే కదా అనుకున్నాను. అప్పుడు తెలిసింది. ఊరందరి కోసం ఒక చోటు కట్టమంటే, నేను నా గదిని తెచ్చి గోడ పొడుగునా వరసగా కట్టి పెట్టాను. లేచి వడ్రంగికి ఫోన్ చేశాను.

"ఇప్పుడు పీకెయ్యమంటారేంటి మేడం? బిగించి నిండా మూడు నెలలు కాలేదు!" అన్నాడు వడ్రంగి.

"నా తప్పే. వాదించకుండా రండి."

పాపం, ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. గూళ్ళ అడ్డు పలకలు ఊడదీసి, చిన్న బల్లల్ని జతలు జతలుగా చేర్చి, పైన ఆ పలకలే పరిచి, హాలు మధ్యలో పొడుగు బల్లలు చేశాడు. కొత్త చెక్క ముక్క ఒక్కటి కూడా తేలేదు. మిగిలిన పలకల్తో బెంచీలు. లైబ్రేరియన్ స్వెట్టరు చేతులు పైకి లాక్కుని తనూ ఓ చెయ్యి వేసింది. "ఇప్పుడు ఒకళ్ళ మొహం ఒకళ్ళకి కనిపిస్తుంది" అంది. ఆవిడకి అప్పుడు చెప్పాను సారీ, మంచం మాటకి. "ఎప్పుడో మర్చిపోయానండీ" అంది గానీ, మర్చిపోలేదని మొహమే చెప్పింది.

బల్లలైతే వచ్చాయి. కానీ చెడ్డపేరు అంతకుముందే వచ్చేసింది. పేటలో పిల్లలు ఆ బిల్డింగుని ఐసుపెట్టె అంటున్నారు. పైగా మందపాటి గోడలు అంత తొందరగా కాగవు. కొన్నాళ్ళు వరసగా మనుషులు కూర్చుంటేనే ఆ మట్టిలోకి వేడి దిగుతుంది. గురువారం చూస్తే నెత్తి మీదికి వచ్చేసింది.

ఆ ముందురోజే అక్క ఫోన్ చేసింది. మామూలుగా ఎత్తను. ఆ రోజు ఎందుకో ఎత్తాను.

"బతికే ఉన్నావన్నమాట" అంది.

"ఉన్నాను. పనిలో ఉన్నాను. ఏంటో చెప్పు."

"నీ లైబ్రరీ చల్లగా ఉందని పేపర్లో వేశారే. మీ బావ పైకి చదివి వినిపించాడు. ఏంటి సంగతి?"

చెప్పుకునేందుకు ఇంకెవరున్నారు? మొత్తం చెప్పేశాను. గూళ్ళ గురించీ, ఇంజనీరు గారి గురించీ, మా ఆయన లెక్క గురించీ. వంద వాట్ల దగ్గర అక్క ఆపింది.

"ఆగాగు. మనిషికి వంద వాట్లా? మీ బావకి కూడా అంతేనా? ఆ పొట్టకి రెండొందలన్నా ఉండాలే!"

నవ్వొచ్చింది. నవ్వలేదు.

"మేమెంతమందిమి? నేను, మీ బావ, మా అత్తగారు, పెద్దాడు, కోడలు, కవలలు, చిన్నాడు. పక్కింటివాళ్ళని పిలిస్తే పరిగెత్తుకుంటూ వస్తారు, వాళ్ళకి ఇంట్లో ఏం తోచదు. రేపు అందరం వచ్చి కూర్చుంటాం. ఎంత కాగమంటే అంత కాగుతాం."

"అక్కర్లేదు."

"ఏం?"

ఒంటికాలి మీద లేచాను. "ఆయన లెక్క నిలబెట్టడానికి నాకు అద్దె మనుషులు అక్కర్లేదు. తమంతట తాము వచ్చి కూర్చునేవాళ్ళతో నిలబడితే నిలబడుతుంది, లేదంటే లేదు. చుట్టాల్ని పోగేసి కొలిపిస్తే దాన్ని మోసం అంటారు. ఆయన ఏనాడూ ఆ పని చెయ్యలేదు. నువ్వు రావద్దు, ఎవర్నీ తేవద్దు."

"సరే" అంది. మా అక్క నోట్లోంచి ఒట్టి 'సరే' వచ్చిందంటే నమ్మకూడదని నాకు చిన్నప్పట్నించీ తెలుసు. ఆ రోజు మాత్రం నమ్మాను.

గురువారం మధ్యాహ్నానికి హాల్లో పది పన్నెండు మంది ఉన్నారు. థర్మామీటర్ పదహారున్నర దగ్గర మొండికేసింది. నేను కాలుగాలిన పిల్లిలా అల్మరాల మధ్య తిరుగుతున్నాను. ఇంజనీరు గారు వచ్చి, తన పరికరాన్ని ఒక బల్ల మీద పెట్టి, "కాసేపు అలా ఉండనిద్దాం మేడం" అని పేపరు తీసుకుని కూర్చున్నాడు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. ముందు బావ పొట్టా, వెనకాల బావా. వాళ్ళ పెద్దాడి చెయ్యి పట్టుకుని అక్క అత్తగారు. కోడలు, కవలలు, చిన్నాడు, పక్కింటివాళ్ళు, వాళ్ళ పక్కింటివాళ్ళు. అందరికంటే చివర అక్క. ఒక్కరూ నా వైపు చూడలేదు. ఇంటి దగ్గరే అందరికీ గట్టిగా చెప్పి తెచ్చినట్టుంది. తలా ఒక పుస్తకం తీసుకుని కిమ్మనకుండా ఒకే బల్ల చుట్టూ సర్దుకున్నారు. మనవలున్న బావ చేతిలోకి పసిపిల్లల పెంపకం పుస్తకం వచ్చింది. అదే సీరియస్‌గా తిరగేస్తున్నాడు. అత్తగారికి అక్షరాలు కనబడవు కాబట్టి, అక్క ఆవిడ చెవి దగ్గర గుసగుసగా చదివి పెడుతోంది. కవలలు బల్ల కిందికి దూరి బొమ్మల పుస్తకం పరుచుకున్నారు.

ఇంతమంది ఉన్నారు కదా అనేమో, పుస్తకం తిరిగిచ్చి పోదామని వచ్చిన వాళ్ళు కూడా ఒకరూ ఇద్దరూ కూర్చోవడం మొదలుపెట్టారు. కోట్లు విప్పుతున్నారు. లైబ్రేరియన్ ఒక స్వెట్టరు తీసి కుర్చీకి తగిలించింది. ఇంజనీరు గారి పరికరంలో అంకె నెమ్మదిగా ఎక్కింది. పదిహేడు. పదిహేడున్నర. ఇంకా చాలాసేపటికి పద్దెనిమిది, ఆ పైన కొంచెం. ఆయన నా వైపు చూసి తల పంకించాడు.

నోరు మూసుకుంటే సరిపోయేది. మా ఆయన అయితే మూసుకునేవాడు కాదు. ఇంజనీరు గారి దగ్గరికి వెళ్ళాను.

"సార్, ఆ బల్ల దగ్గరున్న వాళ్ళంతా మా అక్కా వాళ్ళు. వద్దన్నా వచ్చారు. వాళ్ళని తీసేసి కొలవండి."

ఇంజనీరు గారు నీళ్ళు నమిలాడు. "తీసేసి అంటే... బయటికి పంపమంటారా?"

"పంపండి."

అక్క పుస్తకం మూసి లేచి వచ్చింది. లైబ్రరీ కాబట్టి గొంతు పెంచలేదు. కోపంలో గొంతు పెంచని అక్కని నేను అంతకుముందు చూడలేదు.

"ఎవర్ని పంపుతావే?"

"వద్దని చెప్పాను కదక్కా. ఇది మోసం."

"నీ డిగ్రీల కోసం వచ్చాననుకున్నావా? నీ డిగ్రీలు ఏట్లో కలవనీ. రెండేళ్ళు నీ గుమ్మం ముందు నిలబడ్డాను. బెల్లు కొట్టి కొట్టి వెనక్కి పోయాను. లోపల లైటు వెలుగుతూనే ఉండేది. నువ్వు లోపలున్నావని తెలుసు, నేను బయటున్నానని నీకూ తెలుసు." ఊపిరి తీసుకుంది. "ఇది నీ ఇల్లు కాదే తలుపేసుకోడానికి. ఊరందరిదీ. ఇక్కడ కూర్చుంటే నువ్వు నన్ను పొమ్మనలేవు. రోజూ వస్తాను. పుస్తకం తలకిందులుగా పట్టుకునైనా సరే, నిన్ను చూస్తూ కూర్చుంటాను. ఏం చేస్తావో చెయ్యి."

చుట్టూ చూస్తే బావ పుస్తకంలోకి ఇంకా లోతుగా తల దూర్చాడు.

ఇంజనీరు గారే ముందు తేరుకున్నాడు. "హాల్లో ఎంతమంది ఉన్నారో రాయమంటారు గానీ, ఎవరి చుట్టాలో రాయమనరు మేడం" అన్నాడు. "పద్దెనిమిది వచ్చింది. వచ్చిందనే రాస్తాను. చలి తగ్గేలోపు చెప్పాపెట్టకుండా ఇంకోసారి వస్తాను. అప్పటిదాకా హీటర్ల మాట ఎత్తను."

"ఎప్పుడైనా రండి సార్, మేముంటాం" అన్నాడు బావ, పుస్తకంలోంచే.

లెక్క నిలబడింది. ఆ ఒక్క మాట కోసం నేను రెండు చలికాలాలు పళ్ళు బిగించి బతికాను. విన్నాక, ఎవరికి చెప్పాలా అని చూశాను. చెప్పాల్సిన మనిషి లేడు. లెక్క నిలబడితే ఆయన వస్తాడని లోపలెక్కడో నమ్మినట్టున్నాను, పిచ్చిదాన్ని. లెక్క నిలబడింది, ఆయన రాలేదు. ఇంక రాడు. ఆ సంగతి ఆ మధ్యాహ్నం అంతమంది మధ్య నిలబడి ఉండగా మొదటిసారి తెలిసింది.

అక్క తిరిగి వెళ్ళి బెంచీ మీద కూర్చుని, అత్తగారిని కొంచెం అవతలికి జరగమని తనూ జరిగింది. నన్ను పిలవలేదు. పక్కన ఒక మనిషికి సరిపడా చోటు చేసి, ఆగిన చోటునుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టింది.

వెళ్ళి కూర్చున్నాను. ఆ పక్క అక్క భుజం, ఈ పక్క ఎవరో ముక్కూమొహం తెలియని పెద్దాయన భుజం. ఏడుపు వచ్చేసింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఆయన పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. అక్క చదవడం ఆపి నా చెయ్యి పట్టుకుంది. బల్లల దగ్గరున్న వాళ్ళందరూ తలెత్తి చూశారు. కాసేపటికి మర్యాదగా తలలు దించుకుని ఎవరి పుస్తకం వాళ్ళు చదువుకున్నారు. ఎవరూ లేచి వెళ్ళలేదు.